శుక్రగమనం: విశాఖ వేధశాల నుండి హబుల్ దాకా క్రమాంకన చరిత్ర

ఖగోళ విజ్ఞాన చరిత్రలో ఆవిష్కర్తలకు దక్కిన స్థానం పరికరాల దోషాలను సరిదిద్దినవారికి దక్కలేదు. 19వ శతాబ్దపు విశాఖపట్నం వేధశాలను ఒక జమీందారీ వేడుకగా తేల్చివేయడం ఈ దృష్టిలోపం ఫలితమే. గ్రహపరిశీలనకు ముందు జరిగే సన్నాహాన్ని, క్రమాంకనాన్ని కేంద్రంగా చేసుకొని ఆ చరిత్రను తిరిగి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ వద్ద శిక్షణ పొందిన గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖ డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాలను నెలకొల్పారు. 1856లో ఆయన మరణానంతరం అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాని బాధ్యత వహించారు. 1874 డిసెంబర్ 9న సూర్యబింబంపై శుక్రగమనాన్ని పరిశీలించి, ఆ వివరాలను లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికకు పంపారు.

ఆనాటి లక్ష్యం భూమికి, సూర్యునికి మధ్య దూరాన్ని నిర్ణయించడం. శుక్రుడు బింబపు అంచును తాకిన క్షణాన్ని వేర్వేరు ప్రాంతాలవారు నమోదు చేసి పోల్చాలి. గడియారం కొన్ని సెకన్లు తప్పినా ఆ పరిశీలన నిరుపయోగమే. అందుకే నక్షత్రాలు మధ్యాహ్నరేఖను దాటే వేళను యామ్యోత్తర దర్శినితో రాత్రుల తరబడి గుర్తించి, గడియారపు దోషాన్ని లెక్కకట్టేవారు. ఇంత చేసినా శుక్రబింబానికీ సూర్యుని అంచుకూ నడుమ నల్లని బొట్టు సాగినట్లు కనిపించి, స్పర్శక్షణం సందిగ్ధంగా మిగిలేది.

ఇదే సందర్భంలో మద్రాసు వేధశాల సహాయకుడు చింతామణి రఘునాథాచారి శుక్రగమనంపై సంభాషణ రూపంలో పుస్తకం వెలువరించారు. దృగ్గణిత పంచాంగ కర్త కూడా ఆయనే. గణితం ఆకాశంతో సరిపోలనప్పుడు బీజసంస్కారం చేయడం సిద్ధాంత గ్రంథాల సంప్రదాయమే కనుక, ఆయన కృషిని కేవలం పాశ్చాత్య అనుకరణగా భావించే వాదం నిలవదు.

2012 జూన్ 6న శుక్రగమనం మళ్లీ సంభవించింది. నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లోని పలు ప్రాంతాలు అప్పటికి వరంగల్ జిల్లాలోనివి. అక్కడ సూర్యోదయానికే శుక్రుడు బింబంపై ఉన్నాడు. ఉదయం 10 గంటల 20 నిమిషాల ప్రాంతంలో వైదొలగాడు. ఈసారి సూర్యదూరం ప్రశ్న కాదు. పరనక్షత్ర గ్రహాల వాతావరణాన్ని పసిగట్టే పద్ధతిని, వాతావరణం ముందే తెలిసిన శుక్రునిపై పరీక్షించదలచారు. హబుల్‌ను సూర్యుని వైపు తిప్పితే పరికరాలు దెబ్బతింటాయి. కనుక చంద్రుణ్ణే అద్దంగా వాడి, పరావర్తన కాంతిని నమోదు చేసే ప్రణాళిక వేశారు. శుక్రుని వాతావరణం గుండా వచ్చే కాంతి మొత్తంలో సుమారు లక్షవ వంతు మాత్రమే. పైగా 96 నిమిషాల ప్రతి పరిభ్రమణంలో దాదాపు 40 నిమిషాలు భూమి అడ్డుపడి చంద్రుడు కనిపించడు. అడ్డు తొలగిన ప్రతిసారీ దర్శిని ఖచ్చితంగా అదే చోటికి తిరిగి గురిపెట్టగలదా అని 2012 జనవరిలోనే టైకో బిలం పరిసరాలపై పరీక్షించి చూశారు.

బీజసంస్కారంలో ఆకాశాన్ని బట్టి గణితాన్ని దిద్దుతారు. హబుల్ ప్రయత్నంలో తెలిసిన గ్రహాన్ని బట్టి పద్ధతిని తూచారు. రెండూ ఒకటే అనడం అతిశయోక్తి. విశాఖ గడియార శోధన మాత్రం ఈ రెండవదానికే దగ్గర: అక్కడ తెలిసిన నక్షత్రాలే కొలమానం. శుక్రగమనం వంటి అరుదైన ఘటనకు రెండో అవకాశం ఉండదు. తదుపరిది 2117 డిసెంబర్‌లో.