శ్రమ అను మాట చరిత్ర

"శ్రమ" అనగానే మన తెలుగువారికి కష్టించి పని చేయుట తోచును. శ్రమించినవాడు పంట కోయునందుము. అందుచేతనే కాబోలు, మంచము పట్టిన విశ్వాసి యొద్దకు వెళ్లి, "నీ ప్రార్థన చాలలేదు, ఇంకను ప్రయాసపడుము" అని చెప్పువారు మనలో కలరు. అది ఓదార్పు కాదు, మరియొక బరువు.

క్రొత్త నిబంధనలో శ్రమ అని చదువు చోట్ల పెక్కింటిలో గ్రీకు మూలపదము "థ్లిప్సిస్." ఇది "థ్లీబో" అను క్రియకు సంబంధించినది. నొక్కుట, అదుముట అని దాని అర్థము. జనసమూహము తన మీద పడి నలుపకుండునట్లు చిన్న దోనె నొకదానిని సిద్ధముగా ఉంచుమని ప్రభువు చెప్పిన చోట (మార్కు 3:9) నున్నది ఈ క్రియయే. కాబట్టి థ్లిప్సిస్ మనము చేయు పని కాదు; మన మీదికి వచ్చు ఒత్తిడి.

ఈ మాట అపొస్తలుల కాలమునకు ముందే లేఖనములలో చేరినది. క్రీస్తు పూర్వము 3వ శతాబ్దము మొదలుకొని యూదులు పాత నిబంధనను గ్రీకులోనికి తర్జుమా చేసిరి. ఇరుకు అను భావముగల హెబ్రీ పదములకు వారు తరచుగా థ్లిప్సిస్ అని వ్రాసిరి. 4వ కీర్తన 1వ వచనము చూడుడి. మన తెలుగులో అక్కడ "ఇరుకు" అనియే యున్నది. ఆ ఇరుకులో దేవుడు కలుగజేసినది విశాలత.

క్రీ.శ. 50 ప్రాంతమున థెస్సలొనీకలో ఇది జరిగినది. అల్లరిమూక యాసోను ఇంటి మీద పడి, అతనిని అధికారుల యొద్దకు ఈడ్చుకొనిపోయెను, జామీను తీసికొని వారతని విడిచిరి (అపొ. కార్య. 17). ఆ సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికలో పౌలు ఈ థ్లిప్సిస్ అను మాటనే వాడెను (1:6, 3:3). మీ విశ్వాసము కొరతగా నున్నందున ఇది వచ్చెనని ఆయన వారిని నిందింపలేదు. తాను ఏథెన్సులో ఒంటరిగా మిగిలియు, వారిని స్థిరపరచి ఆదరించుటకు తిమోతిని పంపెను. వారి విశ్వాసమును గూర్చిన వార్త విని, అదే థ్లిప్సిస్‌లో నున్న తానును ఆదరణ పొందెను (3:7).

ప్రియులారా, ఇరుకున పడినవాని యొద్దకు వెళ్లునప్పుడు కారణము వెదకకుడి. తిమోతివలె ప్రక్కన కూర్చుండుడి. వానికి కొంచెము చోటు దొరకును.