తెలుగు అక్షరము, చిత్రము, పాఠకుని గోప్యత

హైదరాబాదులో మౌలాలికి సమీపమున 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడి, టి.డి.సి. శ్రేణి కంప్యూటర్లను తయారుచేసినది. ఆ తరము యంత్రములు సామాన్యముగా రోమను అక్షరములనే ముద్రించెడివి. 1990 దశకపు ఆరంభమున అమెరికాలోని తెలుగువారికిని ఇదే చిక్కు. అందుచే రైస్ విశ్వవిద్యాలయమున ఆర్.టి.ఎస్. అను లిప్యంతరీకరణ పద్ధతి రూపొందినది. అందు చిన్న 'టి' తకారము, పెద్ద 'టి' టకారము.

1991లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు గోఫర్ అను సమాచార వ్యవస్థను ప్రవేశపెట్టిరి. అందు చిత్రము పట్టికలో ఒక అంశము మాత్రమే. పాఠకుడు కోరిననే వచ్చును. 1993 ఫిబ్రవరి 25న మార్క్ ఆండ్రీసన్ వెబ్ పుటలోని వాక్యముల నడుమనే చిత్రమును చూపు సంకేతమును ప్రతిపాదించెను. మొజాయిక్ బ్రౌజరు దానిని వ్యాప్తిలోనికి తెచ్చినది. అటుపిమ్మట కొన్ని తెలుగు పుటలు అక్షరములనే చిత్రములుగా చూపినవి. మనవారికిది గొప్ప సౌకర్యము.

కాని ఈ సౌకర్యమునకు ఒక మూల్యము కలదు. పత్రికలోని బొమ్మను చూచినంతమాత్రమున, దాని దిమ్మెను చెక్కినవానికి పాఠకుడెవరో తెలియదు. వెబ్‌లో అట్లు కాదు. పుట తెరచిన వెంటనే బ్రౌజరు తనంతతానే చిత్రమున్న సర్వరును అడుగును. ఆ సర్వరు మూడవవారిదైనను, దానికి పాఠకుని ఐ.పి. చిరునామా, చదివిన సమయము, తరచుగా చదువుచున్న పుట పేరును తెలిసిపోవును. ప్రకటనదారులు కంటికి కానరాని ఒక్క బిందువంత చిత్రములను ఇందులకే వాడసాగిరి.

2019లో ఆరంభమైన జెమిని ప్రోటోకాల్ ఈ దారిని మూసినది. ఒక కోరికకు ఒకే పత్రము వచ్చును. సంభాషణ అంతయు గుప్తీకరింపబడును. పాఠకుడు కోరనిదే లంకెలోని వస్తువును తెచ్చుట నిషిద్ధము. అయినను చిత్రములు లేకపోలేదు. పాఠకుడు లంకెను నొక్కినచో, కొన్ని బ్రౌజర్లు బొమ్మను ఆ వాక్యము క్రిందనే చూపును. నొక్కినవాని చిరునామా ఆ సర్వరుకు తెలియక మానదు. కాని అది వాని ఇష్టపూర్వకముగా జరుగును.

మరి తెలుగు అక్షరముల మాటేమి? 1991లోనే యూనికోడ్ ప్రథమ సంస్కరణమున తెలుగు చేరినది. 1992లో కెన్ థాంప్సన్ యు.టి.ఎఫ్.-8 పద్ధతిని రూపొందించెను. జెమిని వాడునది దానినే. కావున నేడు తెలుగు చదువుటకు చిత్రముతో పనిలేదు. అక్షరము అక్షరముగానే వచ్చును. ఇక చిత్రము కావలెనా వలదా యన్నది పాఠకుడే నిర్ణయించుకొనవచ్చును.