కొండ కింద అమ్మ

జపాన్‌లో ఒసాకా నుంచి పొద్దున్నే రైలెక్కితే, కోయాసాన్ కొండ చూసుకుని రాత్రికి తిరిగొచ్చేయవచ్చు. కొండ మీద నూరుకు పైగా బౌద్ధాలయాలున్నాయి. వచ్చినవాళ్ళు చాలామంది తిన్నగా కొండ మీదికే పోతారు. ఆడవాళ్ళు మాత్రం ముందు కొండ కింద కుదోయామా అనే చిన్న స్టేషన్లో దిగి చూడాలి. అక్కడ ఒక అమ్మ కథ వుంది.

క్రీ.శ. 816లో సాగా చక్రవర్తి కూకాయ్ అనే సన్యాసికి యీ కొండనిచ్చాడు. చైనా వెళ్ళి చదువుకొచ్చి, షింగోన్ అనే బౌద్ధశాఖను స్థాపించిన మహానుభావుడాయన. ఆ శాఖవాళ్ళు తమ గురుపరంపరలో మన ఆచార్య నాగార్జునుణ్ణి కూడా చెప్పుకుంటారు. వాళ్ళు చేసే 'గోమ' మన హోమమే. అంత దూరాన మన మాటలు వినిపిస్తుంటే ముచ్చటేస్తుంది.

కొడుకు కట్టిన ఆశ్రమాన్ని చూడాలని కూకాయ్ తల్లి షికోకు దీవి నుంచి వచ్చిందట. కానీ కొండ మీద ఆడవాళ్ళు అడుగుపెట్టకూడదు! సన్యాసుల నిష్ఠ చెడుతుందని ఒక కారణం, ఆడదానికి మైల అని మరో కారణం. ఆ రెండోది మనకి మాత్రం కొత్త మాటా?

పాపం, ఆ తల్లి కింద జిసోన్‌ఇన్ ఆలయంలోనే వుండిపోయింది. కొడుకే నెలకి తొమ్మిదిసార్లు కొండ దిగి వచ్చి ఆమెను చూసి వెళ్ళేవాడట. కుదోయామా అంటే 'తొమ్మిదిసార్ల కొండ' అని అర్థం చెబుతారు. ఆ ఆలయం దగ్గర నుంచి పైకి, సుమారు నూటపది మీటర్లకొకటి చొప్పున, 180 రాతిస్తంభాలు నిలబెట్టిన కాలిబాట వుంది. అంటే దాదాపు ఇరవై కిలోమీటర్లు! తొమ్మిదిసార్లన్నది నిజమో, కొడుకు మీద అభిమానంతో జనం కల్పించిందో గానీ, ఆ బాట చూస్తే మాత్రం గుండె బరువెక్కుతుంది.

ఇప్పటికీ సుఖప్రసవం కోసం, బిడ్డకి పాలు పడాలని, రొమ్ముజబ్బులు నయం కావాలని స్త్రీలు యిక్కడికి వస్తారు. దూదీ గుడ్డా పెట్టి కుట్టిన చిన్న రొమ్ముల బొమ్మలు మొక్కుగా కడతారు. రచయిత్రి సావాకో అరియోషి 1959లో వెలువడిన తన 'కీ నో కావా' నవలను యీ ఆలయంలోనే మొదలుపెట్టింది.

ఇంకో చిత్రం వినండి. అసలా కొండ ఎవరిది? నియుత్సుహిమే అనే అమ్మవారిదట! ఆవిడే కూకాయ్‌కి దానమిచ్చిందని స్థలపురాణం. ఆ కాలిబాటకి దగ్గర్లోనే, అమానో గ్రామంలో, ఆవిడ గుడి వుంది. కొండ అమ్మవారిది, ఆడవాళ్ళకి మాత్రం ప్రవేశం లేదు!

కుదోయామా నుంచి మళ్ళీ రైలెక్కి, చివరి స్టేషన్లో దిగి, పట్టాల మీద తాడుతో లాగే బండిలో అయిదు నిమిషాల్లో పైకి చేరవచ్చు. పైన మొట్టమొదట ఎదురయ్యేది 'న్యోనిన్‌దో', అంటే స్త్రీల మందిరం. పూర్వం కొండకున్న ఏడు ద్వారాల దగ్గరా యిలాంటివి వుండేవి, యిప్పుడిదొక్కటే మిగిలింది. ఆడవాళ్ళు యిక్కడ ఆగిపోయి, కొండ అంచుల వెంట చుట్టూ నడిచి, లోపలి ఆలయాలకి దూరం నుంచే దణ్ణం పెట్టుకునేవారు.

1872లో జపాన్ ప్రభుత్వం యిలాంటి నిషేధాలన్నీ రద్దు చేసింది. కాగితం మీద రద్దయినంత సులువుగా గుమ్మంలో రద్దవుతుందా? కోయాసాన్ పూర్తిగా తలుపులు తెరిచేసరికి 1906 వచ్చింది. నారా ప్రాంతంలోని ఓమినే కొండ శిఖరానికి నేటికీ స్త్రీలని రానివ్వరు.

సాయంత్రానికి ఓకునోయిన్ చేరాలి. దేవదారుల్లాంటి మహావృక్షాల నీడన రెండు కిలోమీటర్ల బాట. యిరువైపులా రెండు లక్షలకు పైగా సమాధులు. బాట చివర కూకాయ్ సమాధి. 835 నుంచి ఆయన ధ్యానంలోనే వున్నాడని నమ్మి, రోజూ రెండుసార్లు భోజనం తీసుకెళ్తారు. దాని ముందున్న దీపాల మందిరంలో, వెయ్యేళ్ళుగా ఆరలేదని చెప్పే దీపమొకటుంది. పెంచిన తల్లిదండ్రుల ఆత్మశాంతి కోసం ఓతెరు అనే పేదపిల్ల తన జుట్టు అమ్ముకుని పెట్టిన దీపమట. గాలికి ధనవంతుల దీపాలన్నీ ఆరిపోయినా, ఆ పిల్ల దీపం మాత్రం ఆరలేదంటారు.

ఆ పిల్ల కాలంలో ఆడదానికి కొండ ఎక్కే హక్కు లేదు. దీపానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. ఈనాడు మనం ఆ దీపం ముందు నిలబడి దణ్ణం పెట్టుకోగలుగుతున్నామంటే, గుమ్మం బయట నిలబడి తిరిగిపోయిన ఎన్ని తరాల ఆడవాళ్ళకి ఋణపడి వున్నామో!