హోసూరు కోటమేడ, తొరపల్లి పెంకుటిల్లు

ఉగాదినాడు గుమ్మమునకు మామిడి తోరణము కట్టని తెలుగు ఇల్లు అరుదు. ఇల్లు అద్దెదైనను, ఊరు పరాయిదైనను, ఆ ఆకులు కట్టిన క్షణమునుండి అది మన ఇల్లగును. ఈ పండుగపూట హోసూరు సీమలోని రెండు ఇండ్లను గూర్చి పాఠకులకు నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

ఈ సీమ తెలుగువారికి క్రొత్త కాదు. తరతరములుగా ఇచ్చట సేద్యము చేసుకొనుచున్న కుటుంబములు కలవు. 1970 దశకము తరువాత కర్మాగారములలో పనికై వచ్చినవారును కలరు. 1792 నాటి శ్రీరంగపట్టణ సంధితో కృష్ణగిరి, 1799లో టిప్పు మరణానంతరము హోసూరు కంపెనీ వశమైనవి. సుమారు 3,000 అడుగుల ఎత్తున నున్న హోసూరు చల్లదనము దొరలకు మిక్కిలి నచ్చినది.

19వ శతాబ్దము నడిమికాలమున సేలము కలెక్టరుగా నుండిన బ్రెట్ దొర హోసూరు కోటలో ఒక మేడ కట్టించెను. ఇంగ్లండులోని కెనిల్‌వర్త్ కోట దానికి నమూనా. తాను పెండ్లాడదలచిన దొరసాని కోటలోనే కాపురముండవలెనని కోరినందున కట్టించెనని ఊరివారు చెప్పుకొందురు. కథ మాట ఎట్లున్నను, ఆ అసలు కోటను అంతర్యుద్ధానంతరము 1649లో పడగొట్టిరి. 1821లో వాల్టర్ స్కాటు వ్రాసిన నవలవలన దాని పేరు మరల మారుమ్రోగినది. శిథిలమును చూచి కట్టిన మేడ తానును శిథిలమైనది. నేడు మొండిగోడలే దాని గురుతులు.

ఇంచుమించు ఆ కాలముననే, 1859–60లో, లండనునకు సమీపమున విలియం మారిస్ అను కవి తన కాపురమునకు ఒక ఇల్లు కట్టించుకొనెను. ఫిలిప్ వెబ్ దాని శిల్పి. ఎఱ్ఱని ఇటుకలతో కట్టిన ఆ ఇంటికి ‘రెడ్ హౌస్’ అని పేరు. గోడలకు సున్నపు పూత వేసి ఇటుకను దాచలేదు. బల్లలు, తెరలు, గోడలమీది చిత్రములు మిత్రులే చేతులార చేసికొనిరి. ఉన్న ఊరి సరకు, పనివాని నేర్పు, ఇంటివారి అవసరము – ఈ మూడింటిని బట్టి ఇల్లు రూపొందవలెనని వారి మతము. ఇదియే తరువాత ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమమని పేరుగాంచినది. కొలంబోలో పుట్టిన ఆనంద కుమారస్వామి ఇంగ్లండులో ఈ ఉద్యమమువారితో కలిసి మెలగెను. మారిస్ వాడిన అచ్చుయంత్రముమీదనే సింహళ కళను గూర్చిన తన గ్రంథమును 1908లో వెలువరించెను. మరుసటి సంవత్సరము భారతదేశపు చేతిపనివానిని గూర్చి ఒక పుస్తకము ప్రకటించెను.

ఆయన కీర్తించిన పనివాడు మన సీమలోనే ఉండెను. హోసూరునకు సమీపమున తొరపల్లిలో ఒక పెంకుటిల్లు కలదు. 1878 డిసెంబరు 10న చక్రవర్తి రాజగోపాలాచారి జన్మించినది ఆ గ్రామముననే. ఆ ఇంటిని ప్రభుత్వము స్మారకముగా కాపాడుచున్నది. గవర్నరు జనరలై 1948 నుండి 1950 వరకు ఢిల్లీలో మహాసౌధమున నివసించిన వ్యక్తికి తొలి నీడ ఈ చిన్న ఇల్లు! రాజకీయములలో ఆయనతో మనవారికి పేచీలుండెను. ఇంటితో మనకు పేచీ లేదు.

ఇట్టి పాత ఇండ్ల పోకడ గమనింపుడు. మందపు మట్టిగోడ పగటి వేడిని లోనికి రానీయదు. చూరు ముందునకు వంగి గోడను వానకు తడవకుండ కాచును. అరుగు బాటసారికి విశ్రాంతి నిచ్చును. మండువా వెలుతురును, గాలిని తెచ్చును. రాయి ప్రక్క గుట్టది, పెంకు ఊరి కుమ్మరిది, దూలము ఊరి వడ్రంగి చెక్కినది. మారిస్ పుస్తకములు చదివి, వాదించి చేరిన చోటికి ఈ పనివారు అలవాటుగానే చేరియుండిరి.

పాతవన్నియు మంచివని నా వాదము కాదు. పొగచూరిన వంటిండ్లు, కారుచుండు పెంకులు, కొందరిని ఎక్కనీయని అరుగులు మనము మరువరానివి. మారిస్ వస్తువులును చివరకు ధనవంతులకే అందుబాటయ్యెను. ఐనను, పడగొట్టుటకు ముందు ఏమి పోగొట్టుకొనుచున్నామో తెలిసికొనుట మేలు కదా! అరుగు పోయిన ఇంటిలో ‘అరుగు’ అను మాటయు నిలువదు. వాసము, దూలము, అటక, చూరు, గూడు – ఈ మాటలు మన పిల్లలలో ఎందరికి తెలియును?

కావున ఒక విన్నపము. ఈ ఏడు స్వగ్రామమునకు పోయినప్పుడు పాత ఇంటి ఛాయాచిత్రములు తీయుడు. గదుల కొలతలు వ్రాసికొనుడు. ఇంటిలోని పెద్దలను, మిగిలియున్న వడ్రంగిని అడిగి ప్రతి భాగమునకు పేరు తెలిసికొని పిల్లలచేత వ్రాయింపుడు. వచ్చే ఉగాదికి ఆ కాగితములు మన సంఘమునకు చేరినచో, తోరణము కట్టిన ప్రతి గుమ్మము వెనుక ఏ ఇల్లుండెనో మన పిల్లలు చెప్పగలుగుదురు.