బెంటన్‌విల్: సామాజిక పరిస్థితులు, ఎత్తూ బరువూ

బెంటన్‌విల్ అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రపు వాయవ్య మూలన ఉన్న పట్టణం, వాల్‌మార్ట్ సంస్థ ప్రధాన కేంద్రం. సామాజిక పరిస్థితులు జనం సగటు ఎత్తునూ బరువునూ ఎలా మారుస్తాయన్న చర్చలో ఈ ప్రాంతం రెండు కారణాల వల్ల ముఖ్యమైనది: ఇక్కడ ఎదిగిన చవక సరుకుల వ్యాపారం, బడిపిల్లల కొలతలు తీయించిన రాష్ట్ర చట్టం.

ఎత్తు

ఒక మనిషి ఎత్తు చాలావరకు వంశాన్ని బట్టి ఉంటుంది. జనం సగటు ఎత్తు మాత్రం తల్లి ఆరోగ్యం, పసితనపు తిండి, మంచినీళ్లు, అంటురోగాలను బట్టి మారుతుంది. 200 దేశాలపై 2016లో వెలువడిన అధ్యయనం ప్రకారం 1896–1996 మధ్య పుట్టిన తరాల్లో దక్షిణ కొరియా స్త్రీల సగటు ఎత్తు 20 సెంటీమీటర్లు పెరిగింది. అమెరికా పురుషులు ప్రపంచంలో 3వ స్థానం నుంచి 37కు జారారు. నూరేళ్లలో జన్యువులు ఇంతగా మారవు, మారింది బతుకుతీరు.

బరువు

వాల్‌మార్ట్ స్థాపకుడు శామ్ వాల్టన్ 1950లో బెంటన్‌విల్ కూడలిలో దుకాణం తెరిచారు. కిరాణా కూడా అమ్మే తొలి వాల్‌మార్ట్ సూపర్‌సెంటర్ 1988లో మిస్సోరి రాష్ట్రంలో మొదలైంది. లక్ష జనాభాకు మరో సూపర్‌సెంటర్ వస్తే స్థూలకాయుల వాటా 2.3 శాతం పాయింట్లు పెరుగుతుందని ఆర్థికవేత్తలు చార్ల్స్ కోర్ట్‌మాంచ్, ఆర్ట్ కార్డెన్ 2011లో అంచనా వేశారు. పెరిగే వైద్య ఖర్చు కన్నా చవక ధరలతో జనానికి మిగిలేది ఎన్నో రెట్లు ఎక్కువని కూడా వారే తేల్చారు.

బడిలో కొలతలు

2003 నాటి 1220వ చట్టంతో ఆర్కన్సా ప్రభుత్వ బడుల్లో పిల్లల ఎత్తు, బరువు కొలవసాగారు. బూట్లు, కోటు విప్పించి తూచి, ఫలితాన్ని తల్లిదండ్రులకు మాత్రమే తెలిసేలా ఇంటికి పంపారు. మొదటి ఏడాది సుమారు 38 శాతం పిల్లలు అధిక బరువుతోనో, దాని అంచునో ఉన్నారు. కొలతలతో ఆగకుండా, ప్రాథమిక బడుల్లో పిల్లలకు చిరుతిళ్ల యంత్రాలు అందుబాటులో లేకుండా చేయడం ఈ చట్టంలోని మంచి గుణం.

తెలుగువారు

ఐటీ ఉద్యోగాలతో బెంటన్‌విల్‌కు తెలుగు కుటుంబాలూ చేరాయి. దక్షిణాసియా వారికి తక్కువ బరువులోనే మధుమేహం రావచ్చు. అందుకే ఆసియా సంతతివారికి బీఎంఐ (ఎత్తును బట్టి బరువును లెక్కగట్టే సూచిక) 25 దాకా ఆగకుండా 23 వద్దే మధుమేహ పరీక్ష చేయాలని అమెరికా మధుమేహ సంఘం 2015లో సూచించింది. ఇక తెలుగు రాష్ట్రాల సంగతి చూస్తే, భారతదేశపు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. స్త్రీలలో 36 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. తెలంగాణలో ఈ అంకెలు 33, 30. కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో పోషణ కరువైన ఒళ్లు పెద్దయ్యాక తేలిగ్గా కొవ్వు పెంచుకుంటుంది. కాబట్టి లావైన మనిషిని తిండిపోతని నిందించడం అన్యాయం. గర్భిణికి, పసిబిడ్డకు సరైన పోషణ అందించడమే అసలు నివారణ.