ఎంజైము ఆధారిత బయోసెన్సర్లు – యాంటీబయాటిక్‌ల గుర్తింపు: సికింద్రాబాదు, పటాన్‌చెరుల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

కంటికి కనబడని వ్యాధికారకాన్ని పట్టుకోవడంలో సికింద్రాబాదుకు ప్రపంచ వైద్యచరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా పరాన్నజీవి కణాలను గుర్తించారు. 1895 నుండి ఇతర జాతుల దోమలను ఎన్ని కోసి చూసినా ఆయనకు అవి కనబడలేదు. ఫలితాన్ని మార్చినది సూక్ష్మదర్శిని కాదు, ఎంచుకున్న దోమ జాతి. దేనిని వెతకాలో తెలియనిదే సాధనం అక్కరకు రాదన్న ఈ సత్యం, యాంటీబయాటిక్‌లను గుర్తించే సాధనాల చరిత్రకూ వర్తిస్తుంది.

శత్రువు ఆయుధమే కొలమానం

పెన్సిలిన్ ఇంకా విస్తృత వాడుకలోకి రాకముందే, 1940లో అబ్రహాం, చెయిన్‌లు దానిని నాశనం చేసే ఎంజైమును బాక్టీరియాలో కనుగొన్నారు. అదే పెన్సిలినేజ్. అది పెన్సిలిన్ అణువులోని బీటా-లాక్టమ్ వలయాన్ని ఛేదిస్తుంది. ఫలితంగా పెన్సిలోయిక్ ఆమ్లం ఏర్పడి ద్రావణపు ఆమ్లత పెరుగుతుంది. వైద్యులకు సమస్యగా పరిణమించిన ఈ చర్యనే రసాయన శాస్త్రజ్ఞులు కొలమానంగా మలచుకున్నారు.

ఎంజైమును ఎలక్ట్రోడుతో జోడించవచ్చునన్న ఆలోచనను 1962లో క్లార్క్, లయన్స్‌లు ప్రతిపాదించారు. 1973లో పెన్సిలినేజ్‌ను గాజు ఎలక్ట్రోడుపై నిలిపి పెన్సిలిన్‌ను కొలిచారు. 1980లో కారాస్, జనాటాలు అదే ఎంజైమును ట్రాన్సిస్టర్‌పై అమర్చారు. ఔషధ పరిమాణం ఎంత ఎక్కువైతే ఆమ్లత అంత పెరుగుతుంది. ఆ మార్పు విద్యుత్ సంకేతంగా నమోదవుతుంది.

పటాన్‌చెరు పరీక్ష

సికింద్రాబాదుకు పశ్చిమాన ఉన్న పటాన్‌చెరు ప్రాంతం ఔషధ ముడిసరుకుల తయారీకి ప్రధాన కేంద్రంగా ఎదిగింది. సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను స్వీకరించే అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి వెలువడే నీటిని స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలను ప్రకటించింది. ఆ నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు గరిష్ఠంగా 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. కొన్ని బాక్టీరియాలకు హాని కలిగించే స్థాయికి ఇది 1000 రెట్లకు మించినది. ఇలాంటి నీరు చేరిన చోట ఔషధానికి లొంగని బాక్టీరియాలే బ్రతికి వృద్ధి చెందే అవకాశం ఉంటుంది.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటుంది. సిప్రోఫ్లాక్ససిన్ కృత్రిమ సంశ్లేషిత ఔషధం. దానిలో బీటా-లాక్టమ్ వలయం లేదు. కనుక పెన్సిలినేజ్ సెన్సర్‌ను ఆ నీటిలో ముంచినా ఈ ఔషధం జాడ తెలిసేది కాదు. పైగా ఆమ్లతా మార్పుపై ఆధారపడే సెన్సర్ సూచించే విలువ, నీటిలో కరిగి ఉన్న ఇతర లవణాలను బట్టి మారుతుంది. నిజాన్ని వెలికితీసినది ద్రవ క్రోమటోగ్రఫీ, ద్రవ్యరాశి వర్ణపటమాపనం కలిసిన ప్రయోగశాల పద్ధతి. అది ఖరీదైనది, నిపుణులు లేనిదే సాగనిది.

ఉపసంహారం

చౌకగా, చెరువు గట్టుమీదనే ఫలితమివ్వగలగడం బయోసెన్సర్ బలం. తనకు తెలిసిన అణువును మాత్రమే గుర్తించడం దాని పరిమితి. కనుక సెన్సర్ చూపే సున్నా, నీరు నిర్మలమని చెప్పే సాక్ష్యం కాజాలదు. ఏ పరిశ్రమ ఏ ఔషధాన్ని తయారుచేస్తున్నదో ముందుగా తెలిసినప్పుడే, దానికి తగిన ఎంజైమునో మరొక గ్రాహకాన్నో ఎంచుకోవడం సాధ్యమవుతుంది. సమాచార పారదర్శకత లోపించిన చోట ఎంత సున్నితమైన సెన్సరైనా అసలు కాలుష్యాన్ని చూడలేదని పటాన్‌చెరు అనుభవం స్పష్టం చేస్తున్నది.