విశాఖపట్నం దంతపు పని

విశాఖపట్నం దంతపు పని: టేకు, జిట్రేగి, గంధపు చెక్క వస్తువులపై ఏనుగు దంతాన్ని పొదిగి లేదా పలుచని రేకులుగా తాపి, దానిపై బొమ్మలు చెక్కిన కోస్తాంధ్ర హస్తకళ. 1682లో ఇక్కడ ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం వెలిసింది. 18వ శతాబ్దంలో ఐరోపా కొనుగోలుదార్ల కోసం కుర్చీలు, అద్దాల చట్రాలు, రాతబల్లలు తయారయ్యాయి. 1756లో మేజర్ జాన్ కార్నెయిల్ ఈ ఊరి అద్దకపు బట్టలతోపాటు పొదుగుడు పనినీ పేర్కొన్నాడు.

దంతపు రేకుపై సన్నని గీతలు చెక్కి, వాటిలో నల్లని లక్క నింపి నునుపు చేసేవారు. తెల్లని నేలపై పూలతీగలు, భవనాలు నల్లగా తేలేవి. 19వ శతాబ్దంలో గంధపు పెట్టెలకు తాబేటి డిప్ప, అడవిదున్న కొమ్ము, ముళ్లపంది ముళ్లు కూడా చేరాయి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986, 1991లలో జరిగిన సవరణలతో దేశంలో దంతపు వ్యాపారం నిషిద్ధమైంది. పాత నమూనాలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.